పాఠకుల ప్రశ్నలు: తరగతి గదిలో మనం మనలా ఉండగలమా?

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఉపాధ్యాయులవే. ఉద్యోగంలో చేరి ఏడాది నిండనివారు, పదవీ విరమణకు దగ్గరపడినవారు, పాఠశాలను నడిపే బాధ్యతలో ఉన్నవారు వేరువేరు మాటల్లో రాసినా, అందరి బాధా ఒక్కటే అనిపించింది. ఇష్టపడి ఎంచుకున్న పని ఎందుకింత బరువైపోయింది, ఆ బరువు కింద మనం మనలా ఎలా మిగలాలి అని వారు అడుగుతున్నారు. పేర్లు వేయవద్దని పలువురు కోరారు కనుక ఎవరి పేరూ ఇవ్వడం లేదు. దగ్గరదగ్గరగా ఉన్న ప్రశ్నలను కలిపి ఆరింటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. పదకొండేళ్ళుగా హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతున్నాను. ఒకప్పుడు గంట మోగినా పాఠం ఆపబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు తరగతి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, ముఖానికి నవ్వు తెచ్చిపెట్టుకుని లోపలికి వెళ్తున్నాను. ఆరు పీరియడ్లు ఆ నవ్వును మోసి ఇంటికి చేరేసరికి, మా సొంత పిల్లలు ఏదైనా అడిగినా బదులు చెప్పే ఓపిక ఉండదు. మొన్న ఒక అమ్మాయి మంచి ప్రశ్న అడిగితే విసుగ్గా కూర్చోమన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సెలవులు వచ్చినా ఈ అలసట తీరడం లేదు. నేను సోమరినైపోయానా, లేక అందరూ అంటున్న బర్నవుట్ ఇదేనా?

జవాబు: అమ్మా, ఒక పిల్ల ప్రశ్నను తోసిపుచ్చినందుకు రాత్రంతా మేలుకున్న మనిషిని సోమరి అనడానికి నాకు మనసొప్పదు. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త బర్నవుట్ గురించి రాసినప్పుడు ఆయన కళ్ళ ముందు ఉన్నవారు న్యూయార్కులోని ఒక ఉచిత వైద్యశాలలో స్వచ్ఛందంగా, పొద్దుపోయేదాకా పనిచేస్తున్న కార్యకర్తలు. పని మీద ప్రేమ ఎక్కువగా ఉన్నవారే ముందుగా ఒరిగిపోవడం ఆయన గమనించారు. ఆ తరువాత క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1981లో దీనిని కొలిచే ప్రశ్నావళిని ప్రచురించారు. వారి లెక్కలో ఇందులో మూడు పార్శ్వాలున్నాయి. మనసులోని శక్తి అడుగంటిపోతుంది. ఎవరి కోసం పనిచేస్తున్నామో వారు మనుషులుగా కనిపించడం మానేసి, ముగించవలసిన పనులుగా కనిపిస్తారు. ఎంత చేసినా చేసినట్టు అనిపించదు.

వీటిలో రెండవది ఎలా ఉంటుందో నేను చదివి తెలుసుకోలేదు. ఉద్యోగంలో పదహారో ఏట, ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూములో మాట్లాడుతూ ఒక అబ్బాయిని "ఆ ముప్ఫయ్యేడో నంబరు" అన్నాను. అప్పటికి విద్యా సంవత్సరం సగం గడిచింది. ఆ అబ్బాయి పేరు కోసం వెతుక్కుంటే నాకు గుర్తు రాలేదు. పిల్లల పేర్లన్నీ మొదటి వారంలోనే నేర్చుకుంటానని గర్వపడే మనిషిని నేను. ఆ రోజు నాకు కలిగిన భయం వంటిదే మీకు ఆ రాత్రి నిద్ర లేకుండా చేసిందని అనుకుంటున్నాను. దానిని మంచి గుర్తుగానే తీసుకోండి. ఇంకా నొప్పి తెలుస్తోందంటే లోపల ప్రాణం ఉన్నట్టే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో బర్నవుట్‌ను జబ్బుల జాబితాలో చేర్చలేదు. పనిచోట ఎడతెగకుండా సాగి, సరిగా అదుపు చేయబడని ఒత్తిడి ఫలితంగా కలిగే వృత్తి సంబంధమైన స్థితి అని వర్ణించింది. ఆ వర్ణనలో "పనిచోట" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. లోపం మీ స్వభావంలో ఉందని మీరు వెతుక్కుంటున్నారు. ముందు మీ పనిదినాన్ని చూడవలసి ఉంది.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది గుమ్మం దగ్గర మీరు తెచ్చిపెట్టుకునే ఆ నవ్వు. విమాన పరిచారికల పనిని దగ్గరగా పరిశీలించిన సమాజశాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్, జీతం కోసం మనసులోని భావాలను సైతం దిద్దుకోవలసి రావడం కూడా ఒక శ్రమేనని 1983లో వాదించారు. ఆ శ్రమలో రెండు రకాలను ఆమె గుర్తించారు. లోపల ఏమున్నా పైకి మాత్రం కావలసిన ముఖం పెట్టడం ఒకటి. ఆ భావాన్ని నిజంగానే తనలో పుట్టించుకునేందుకు ప్రయత్నించడం రెండవది. తరువాతి కాలంలో ఉపాధ్యాయుల మీద జరిగిన అధ్యయనాలలో, మొదటి రకం నటన ఎక్కువగా చేసేవారిలో మానసికమైన అలసట కూడా ఎక్కువగా ఉన్నట్టు పదేపదే కనిపించింది. మీరు ఆరు పీరియడ్లు పాఠం చెబుతున్నారు. దానితో పాటు ఆరు పీరియడ్లు ముఖాన్ని కూడా మోస్తున్నారు. ఇంటికి చేరేసరికి మీలో ఏమీ మిగలకపోవడంలో వింత లేదు.

కనుక ముందుగా దించవలసినది ఆ నవ్వును. నవ్వు రాని రోజున నవ్వకుండా లోపలికి వెళ్ళండి. "ఈ రోజు నాకు తలనొప్పిగా ఉంది, గొంతు పెంచలేను, కాస్త సహకరించండి" అని ఒక్క మాట చెప్పండి. పిల్లలు తలనొప్పిని అర్థం చేసుకుంటారు. కారణం తెలియని చిరాకునే వారు తమ మీద కోపంగా తీసుకుంటారు. తరువాత, మీరు కూర్చోమన్న ఆ అమ్మాయి దగ్గరకు వెళ్ళి, ఆ రోజు నీ ప్రశ్నకు జవాబు చెప్పలేదు, అది మంచి ప్రశ్న, ఇప్పుడు చూద్దాం అనండి. క్షమాపణ కన్నా ఆ అమ్మాయికి కావలసినది ఆ జవాబే. ఆమె ముఖం చూస్తూ ఆ జవాబు చెప్పే అయిదు నిమిషాలు మీకు కూడా కావాలని నా నమ్మకం.

రెండు వారాల పాటు ఒక చిన్న నోటుపుస్తకంలో ప్రతి పీరియడ్ తరువాతా ఒక్క మాట రాసి పెట్టండి: ఓపిక పెరిగిందా, తగ్గిందా, ఎందుకు. నేను అలా రాసుకున్నప్పుడు, నన్ను పిండేస్తున్నది తరగతులని అనుకున్న నాకు, నిజంగా పిండేస్తున్నది భోజన విరామంలో నేను నింపుతున్న రిజిస్టర్లని తేలింది. మీకు వేరొకటి తేలవచ్చు. ఒక్క విషయం మాత్రం వాయిదా వేయకండి. నిద్రలేమి, ఆకలి మందగించడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం పాఠశాలతో సంబంధం లేని వేళల్లో కూడా వారాల తరబడి వదలకపోతే డాక్టరును కలవండి. డిప్రెషన్‌ను బర్నవుట్ అనుకుని సెలవుల కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు. జీవించాలని లేదన్న ఆలోచన వస్తే అదే రోజు కలవాలి.

ప్రశ్న: ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలయింది. "మొదటి ఏడాది పిల్లల ముందు నవ్వకు, నెత్తికెక్కుతారు" అని సీనియర్లు చెప్పారు. నేను స్వభావతః మెత్తని మనిషిని. గొంతు పెంచి గద్దిస్తే నాకే కృత్రిమంగా అనిపిస్తుంది, పిల్లలు కూడా దానిని పసిగట్టి నవ్వుతున్నారు. స్నేహితుడిలా ఉంటే తరగతి చేయి దాటిపోతోంది. నేను నాలా ఉంటూ తరగతిని ఎలా నడపాలి?

జవాబు: మీ సీనియర్లు మీ మేలు కోరే చెప్పారు. వారి పద్ధతి వారికి పనికివచ్చి ఉంటుంది. చిక్కు ఏమిటంటే, గద్దింపు వెనుక ఉన్న మనిషి నిజంగా గద్దించే మనిషి అయితేనే అది పారుతుంది.

ఉపాధ్యాయ వృత్తిని అధ్యయనం చేసిన డాన్ లోర్టీ అనే సమాజశాస్త్రవేత్త 1975లో ఒక ఆలోచించదగ్గ మాట చెప్పారు. మిగతా వృత్తులలోకి మనం దాదాపు కొత్తవారిగా ప్రవేశిస్తాం. బడిపంతులు పనిలోకి మాత్రం, బల్ల మీద కూర్చుని వేల గంటల పాటు ఉపాధ్యాయులను చూసిన తరువాత వస్తాం. అయితే విద్యార్థిగా మనకు కనిపించేది వేదిక మీది భాగం మాత్రమే. ఆ ఉపాధ్యాయుడు ఎందుకు అలా గద్దించారో, ఆ ముందు రాత్రి ఏమి ఆలోచించుకున్నారో మనకు తెలియదు. అందుకే కొత్తలో మనం ఎవరి గొంతునో, ఎవరి చేతి కదలికలనో అరువు తెచ్చుకుంటాం. మీరు గద్దిస్తున్నప్పుడు పిల్లలు నవ్వుతున్నది బహుశా ఆ అరువు గొంతును చూసి.

పిల్లలు ఏ ఉపాధ్యాయుడిని నిజమైన మనిషిగా భావిస్తారు అన్న ప్రశ్నతో పెడ్రో డి బ్రైకెరె, పాల్ కిర్ష్‌నర్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులతోనే మాట్లాడి 2016లో తమ ఫలితాలను ప్రచురించారు. నాలుగు సంగతులు తేలాయి. ఆయనకు తన విషయం తెలిసి ఉండాలి. ఆ విషయం మీద మమకారం ఉండాలి. ఏటా అదే పాఠాన్ని అప్పజెప్పినట్టు కాకుండా ఈ తరగతికి, ఈ పిల్లలకు తగినట్టు చెబుతున్నాడని అనిపించాలి. నాలుగవది మీకు పనికివచ్చేది: తగినంత దూరం. పిల్లలను పట్టించుకోవాలి, కాని వారిలో ఒకడు కావాలని చూడకూడదు. మనలా ఉండటమంటే మనసు విప్పి అన్నీ చెప్పేయడమని, వారితో కలిసిపోవడమని మనం పొరబడతాం. పిల్లలు మాత్రం ఉపాధ్యాయుడు ఉపాధ్యాయుడిగానే ఉండాలని కోరుకున్నారు.

మెత్తని మనిషి మెత్తగానే గట్టిగా ఉండవచ్చు. మాట తక్కువగా, గొంతు కిందుగా, చెప్పినది మాత్రం ప్రతిసారీ జరిగేలా చూడటం కూడా క్రమశిక్షణే. ఒకరు మాట్లాడుతుండగా ఇంకొకరు మాట్లాడకూడదు అన్నది మీ నియమమైతే, నిశ్శబ్దం వచ్చేదాకా నిలబడి వేచి ఉండండి. మొదటి వారం అందులో చాలా సమయం పోతుంది, పోనివ్వండి. ఏడు నియమాలు పెట్టి మూడింటిని వదిలేసే ఉపాధ్యాయుడి కన్నా, రెండే నియమాలు పెట్టి రెండింటినీ నిలబెట్టే ఉపాధ్యాయుడి తరగతి నెమ్మదిగా ఉంటుంది. నియమం తప్పిన పిల్లవాడితో మాట్లాడవలసి వస్తే, అందరి ముందు కాక పీరియడ్ అయిన తరువాత విడిగా మాట్లాడండి. మీ స్వభావానికి అది సహజంగా వస్తుంది. అందరి ముందు తగ్గలేని వయసు పిల్లలది కనుక వారికీ అదే సులువు.

తెలియని ప్రశ్న వచ్చినప్పుడు "నాకు తెలియదు, రేపు చూసి చెబుతాను" అనగలగడం, మరునాడు తప్పకుండా చెప్పడం కూడా ఇందులో భాగమే. ఆ రెండవ సగం మరిచిపోతే మొదటి సగానికి విలువ లేదు.

ప్రశ్న: వారానికి నూట అరవై నోటుపుస్తకాలు దిద్దుతాను. ప్రతి తప్పునూ సరిచేసి, కింద ఒక వాక్యం రాసి, మార్కు వేస్తాను. ఆదివారాలు ఇందులోనే పోతున్నాయి. తగ్గిస్తే నా పనికి నేనే ద్రోహం చేసినట్టు ఉంటుంది. ఏం చేయను?

జవాబు: తగ్గించండి. నిస్సంకోచంగా తగ్గించండి. ఈ మాట గట్టిగా చెప్పడానికి నాకు ఒక ఆధారం కూడా ఉంది. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, మరికొందరికి రెండూ ఇచ్చి చూశారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల పని మెరుగుపడింది, వారి ఆసక్తి కూడా నిలిచింది. మార్కు, వ్యాఖ్య రెండూ అందుకున్నవారికి ఆ ప్రయోజనం దక్కలేదు. పిల్లవాడు మార్కు చూసి పుస్తకం మూసేస్తాడని, దాని కింద మనం రాసినది చదవడని మనకు తెలిసినదే. అంటే మీ ఆదివారాలలో ఒక పెద్ద భాగం, ఎవరూ చదవని వాక్యాలు రాయడంలో పోతోంది.

రెండూ ఒకేసారి చేయకండి. పరీక్షకు మార్కు వేయండి, అభ్యాసానికి వ్యాఖ్య రాయండి. ఒక వారం ఒకే తప్పును వెతకండి, మిగతా తప్పులను ఆ వారానికి చూసీ చూడనట్టు వదలండి. నూట అరవై పుస్తకాలలో నలభై చదివేసరికి తరగతి ఎక్కడ తడబడిందో తెలిసిపోతుంది. మిగతావి పైపైన తిరగవేసి, మరునాడు ఆ తడబాటును నల్లబల్ల మీద అందరికీ ఒకేసారి వివరించండి. ఏ నలభై పుస్తకాలు నిదానంగా చదవాలో వారం వారం మారుస్తూ ఉంటే నెలలో ప్రతి పిల్లకూ వంతు వస్తుంది. పాఠశాల నిబంధన ప్రతి పేజీ మీద ఎర్ర సిరా ఉండాలంటే, ఆ నిబంధనను మార్చమని మీరొక్కరే కాక నలుగురు కలిసి అడగండి.

ఆదివారం మొత్తం కాకపోయినా, వారంలో ఒక పూట పాఠశాల సంచీ తెరవని పూటగా ఉంచండి. పని ఆలోచన నుంచి మనసు నిజంగా విడివడిన సమయమే విశ్రాంతినిస్తుందని సబీనె సొన్నెంటాగ్ వంటి మనస్తత్వవేత్తల పరిశోధన చెబుతోంది. పుస్తకాల దొంతర పక్కన పెట్టుకుని, దిద్దలేదే అని బాధపడుతూ కూర్చుంటే అది పనీ కాదు, విశ్రాంతీ కాదు.

ప్రశ్న: ఇరవై రెండేళ్ళ సర్వీసు. అదే పాఠం నలభై సార్లకు పైగా చెప్పి ఉంటాను. చెబుతూనే వేరే సంగతులు ఆలోచించగలుగుతున్నాను. ఉత్తమ ఉపాధ్యాయుడి బహుమతి వచ్చిన సంవత్సరం కొంత ఉత్సాహం వచ్చింది, తరువాత మునుపటికన్నా చల్లబడిపోయాను. మళ్ళీ ప్రేరణ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

జవాబు: బహుమతి తరువాత చల్లబడటం గురించి మీరు దాచకుండా రాసినందుకు సంతోషం. ఎడ్వర్డ్ డెసీ 1971లో ప్రచురించిన ప్రయోగాలలో, ఇష్టంగా పజిల్స్ విప్పుతున్న విద్యార్థులకు డబ్బు ఇచ్చి, తరువాత ఆపివేసినప్పుడు, ఎవరూ చెప్పని ఖాళీ సమయంలో వారు పజిల్స్ ముట్టుకోవడం తగ్గింది. బయటి బహుమానం లోపలి ఇష్టాన్ని కొన్నిసార్లు పక్కకు నెడుతుందన్నది ఆ పరిశోధన తెచ్చిన ఆలోచన. డెసీ, రిచర్డ్ రయాన్ కలిసి తరువాత విస్తరించిన సిద్ధాంతం ప్రకారం ప్రేరణ నిలవడానికి మూడు కావాలి: ఎలా చేయాలో కొంతైనా మనమే నిర్ణయించుకోగలగడం, చేతనవుతోందన్న అనుభవం, తోటివారితో అనుబంధం.

మీకు రెండవది అవసరానికి మించి ఉంది. కళ్ళు మూసుకుని చెప్పగలిగినంత చేతనయింది, అందుకే మనసుకు పని లేకుండా పోయింది. కొరత మిగతా రెండింటిలో ఉందని నా అనుమానం. సిలబస్ మీ చేతిలో లేదు, పరీక్ష మీ చేతిలో లేదు. ఆ పాఠం లోపలికి వెళ్ళే దారి మాత్రం ఇంకా మీ చేతిలోనే ఉంది. నెలకు ఒక్క పాఠం తీసుకోండి. ఎప్పుడూ చివర చెప్పే ఉదాహరణతో మొదలుపెట్టండి, లేదా పాఠం చెప్పకముందే పిల్లలు ఆ విషయం గురించి ఏమనుకుంటున్నారో రాయించి చదవండి. ఈ రెండవ పని నేను చేశాను. భిన్నాల పాఠం పాతికేళ్ళు చెప్పిన తరువాత, కింది అంకె పెద్దదైతే భిన్నం పెద్దదవుతుందని తరగతిలో సగం మంది ఎందుకు నమ్ముతారో, వారి సొంత మాటల్లో మొదటిసారి చదివాను. పాఠం పాతదే. వారి ఆలోచన నాకు కొత్త. ఆ తరువాత ఆ పాఠం చెబుతూ వేరే సంగతులు ఆలోచించడం నా వల్ల కాలేదు.

అనుబంధం మాట. ఇందాక చెప్పిన లోర్టీ పాఠశాలను గుడ్లు అమర్చే అట్టతో పోల్చారు. ప్రతి గుడ్డుకూ దాని గుంట దానికే ఉన్నట్టు, ప్రతి ఉపాధ్యాయుడికీ తన గది తనకే. ఇరవై రెండేళ్ళలో మీరు ఎన్నిసార్లు మరో ఉపాధ్యాయుడి పాఠం చివరి బల్ల మీద కూర్చుని విన్నారు? మార్కులు వేయడానికి కాదు, కేవలం వినడానికి. ఒక కొత్త ఉపాధ్యాయుడిని మీ తరగతికి రమ్మనండి, మీరు అతని తరగతికి వెళ్ళండి. మీకు ఇక ఆలోచించకుండానే వచ్చేసే పనులలో ఎంత నేర్పు ఉందో, అతను అడిగే ప్రశ్నల వల్లనే మీకు తెలుస్తుంది.

ఇదంతా చేసినా కొన్ని సంవత్సరాలు చప్పగానే గడవవచ్చు. స్విట్జర్లాండులో మాధ్యమిక పాఠశాల ఉపాధ్యాయుల వృత్తి జీవితాన్ని పరిశీలించిన మైకేల్ హ్యూబర్‌మన్, నడిమి సంవత్సరాలలో తమను తాము తిరిగి ప్రశ్నించుకునే దశ చాలామందికి వస్తుందని, దానిని దాటాక కొందరు ప్రశాంతతలోకి, కొందరు చేదులోకి వెళతారని గమనించారు. కోరి చిన్న చిన్న మార్పులు తన తరగతిలోనే చేసుకుంటూ వచ్చినవారు తరువాతి కాలంలో ఎక్కువ తృప్తితో ఉన్నారని కూడా ఆయన చూశారు. పాఠశాల మొత్తాన్ని మార్చే పథకాలలో తలమునకలైనవారికి ఆ తృప్తి అంతగా దక్కలేదట.

ప్రశ్న: నేను ప్రధానోపాధ్యాయురాలిని. మా ఉపాధ్యాయుల అలసట చూసి ధ్యానం తరగతులు, స్ఫూర్తిదాయకమైన ప్రసంగం ఏర్పాటు చేశాను. ఫలితం కనిపించలేదు, పైగా కొందరు చిరాకుపడ్డారు. ఎక్కడ పొరపాటు జరిగింది?

జవాబు: అమ్మా, మీరు పట్టించుకున్నారు, అది చిన్న సంగతి కాదు. కాని సమయం లేక అలసిన మనిషిని పని వేళలు ముగిశాక ఇంకో గంట కూర్చోబెట్టి, ఒత్తిడిని ఎలా తట్టుకోవాలో చెబితే, ఒత్తిడికి కారణం నువ్వే అన్నట్టు వినిపిస్తుంది. మాస్లాక్, మైకేల్ లైటర్ కలిసి బర్నవుట్‌కు దారితీసే ఆరు చోట్లను గుర్తించారు: పనిభారం, పని మీద అధికారం, దక్కే గుర్తింపు, సహోద్యోగుల మధ్య సంబంధం, న్యాయం, విలువలు. వీటిలో ఏ ఒక్కటీ ధ్యానంతో మారదు. అయితే ఆరింటిలో మూడు నాలుగింటి మీద మీ సంతకానికి బలం ఉంది.

సభ పెట్టకుండా ఒక్కొక్కరినీ విడిగా అడగండి: మీరు చేస్తున్న పనులలో దేనిని ఆపేస్తే పిల్లలకు ఏ నష్టమూ ఉండదు? ఒకే సమాచారాన్ని మూడు రిజిస్టర్లలో రాయడం వంటివి ఆ జవాబులలో తప్పకుండా బయటపడతాయి. వాటిలో ఒకదానిని ఈ నెలలోనే ఎత్తివేయండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునెస్కో కలిసి 1966లో ఆమోదించిన ఉపాధ్యాయుల స్థితిగతులకు సంబంధించిన సిఫార్సు, బోధనేతర పనులకు సహాయక సిబ్బంది ఉండాలని, ప్రతి విద్యార్థినీ విడిగా పట్టించుకోగలిగేంత మేరకే తరగతి పరిమాణం ఉండాలని అప్పుడే చెప్పింది. మీకు సిబ్బందిని నియమించే అధికారం లేకపోవచ్చు. అనవసరమైన పనిని సృష్టించకుండా ఉండే అధికారం ఉంది.

న్యాయం గురించి ఒక మాట. కాదనలేని ఉపాధ్యాయుడి మీదే ప్రతి అదనపు పనీ పడుతుంది. మీ పాఠశాలలో వారెవరో మీకు తెలుసు. వచ్చే పనిని వారికి ఇవ్వకండి. తల్లిదండ్రుల ఫిర్యాదు వచ్చినప్పుడు ముందుగా ఉపాధ్యాయుడి మాట వినండి. తప్పు ఉంటే గది తలుపు మూసి చెప్పండి.

ప్రశ్న: నా తరగతిలో ఒక అబ్బాయి ఇంట్లో పరిస్థితులు బాగాలేవు. వారాంతాలలో కూడా వాడి ముఖమే కళ్ళ ముందు ఉంటుంది. రాత్రుళ్ళు వాడు ఫోన్ చేస్తే మాట్లాడుతున్నాను. మా ఇంటివారు ఇది నా పని కాదంటున్నారు. పట్టించుకోకుండా ఉండటం నాకు చేతకావడం లేదు. ఎంతవరకు నా బాధ్యత?

జవాబు: పట్టించుకోకుండా ఉండమని నేను చెప్పను. ఇతరుల బాధను మోసేవారిలోనే ఆ కరుణ క్రమంగా అలసిపోవడం గురించి చార్లెస్ ఫిగ్లీ 1995లో విస్తృతంగా రాశారు. ఆ అలసట ఒక్కరే మోస్తున్నవారికి త్వరగా వస్తుంది. మీరు చేస్తున్న దానిలో నన్ను కలవరపెట్టినది కూడా ఆ ఒంటరితనమే. రాత్రి ఫోన్ల సంగతి మీకు, ఆ అబ్బాయికి తప్ప ఎవరికీ తెలియదు. మీకు జ్వరం వచ్చి ఒక రాత్రి ఫోన్ ఎత్తకపోతే వాడికి ఇంకెవరూ లేరు. పిల్లవాడితో విడిగా, రాత్రి వేళ సాగే మాటలు ఎంత మంచి మనసుతో చేసినా, మీ ఇద్దరికీ రక్షణ లేనివి కూడా.

మీ వంతు ఏమిటో చెబుతాను. పగటి పూట, పాఠశాలలో, వాడు చెప్పేది వినే ఒక పెద్ద మనిషిగా మీరు ఉండాలి. వాడికి ఇంట్లో దెబ్బలు గాని, మరే ప్రమాదం గాని ఉందన్న అనుమానం మీకుంటే, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. ఇచ్చి ఉంటే, ఆ మాట ఎందుకు నిలుపుకోలేరో వాడికే ముందుగా చెప్పండి. సోమవారం ఉదయం ప్రధానోపాధ్యాయులను కలిసి, మీరు చూసినది, విన్నది తేదీలతో రాసి ఇవ్వండి. పాఠశాలలో కౌన్సెలర్ ఉంటే వారికి, లేకపోతే మీ ప్రాంతంలో పిల్లల రక్షణ చూసే అధికారులకు ఆ విషయం చేరేలా చూడండి. తరువాత అబ్బాయిని పిలిచి, ఇక నుంచి రాత్రి ఫోన్ ఎత్తలేనని, కాని ప్రతిరోజూ మొదటి గంటకు ముందు పది నిమిషాలు వాడి కోసం ఉంటానని, రాత్రి వేళ భయం వేస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఇదిగో అని ఆ నంబరు కాగితం మీద రాసి ఇవ్వండి. వాడు ముఖం ముడుచుకోవచ్చు, రెండు రోజులు రాకపోవచ్చు కూడా. మూడో రోజు ఉదయం మీరు అదే బల్ల దగ్గర, అదే వేళకు కూర్చుని ఉండండి.